ఇంజిన్‌కి గార పట్టింది!

సిగ్నల్ దగ్గర ఆగితే చాలు... పాత కారు పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. గుర్రుమని లేస్తుంది. అంతలోనే ఆగిపోతుందేమో అన్నంతగా నీరసపడుతుంది. మళ్లీ లేస్తుంది. 'ఇంజిన్ బోరుకొచ్చింది' అంటాడు ఒక మెకానిక్కు. 'కంప్యూటర్ మార్చాలి సార్' అంటాడు ఇంకొకాయన. చాలాసార్లు అసలు జబ్బు అక్కడుండదు. చిటికెన వేలు కూడా పట్టని ఓ సన్నటి నీటి దారిలో ఉంటుంది!

ఉదయం తీసినప్పుడు బాగానే ఉంటుంది. వీధి చివరి దాకా బుద్ధిగానే వెళుతుంది. ఓ పదిహేను నిమిషాలు తిరిగాక, ఇంజిన్ బాగా వేడెక్కాక మొదలవుతుంది గొడవ. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా రేస్ అవుతూనే ఉంటుంది. 'ఏమండీ, పక్క బండివాళ్లు మనవైపే చూస్తున్నారు' అని ఇల్లాలు కొంగు సర్దుకుంటుంది. వెనక సీట్లో పిల్లలకేమో నవ్వు. పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ, ఇష్టంగా దాచుకున్న కారది. అమ్మితే వచ్చేది అంతంతమాత్రం. 'ఇంజిన్ విప్పాలి' అన్న మాట వింటే కారుని వదిలించుకోవాలనే అనిపిస్తుంది.

తొందరపడక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మొరాయిస్తోందంటే అదే పెద్ద ఆధారం.

మైనం చేసే మాయ

పొద్దున్నే చల్లటి ఇంజిన్ నిలదొక్కుకోవాలంటే కాస్త ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు కావాలి. అందుకే స్టార్ట్ చేయగానే ఇంజిన్ నిమిషానికి సుమారు 1500 చుట్లు తిరుగుతుంది. వేడెక్కేకొద్దీ అది 750-900 మధ్యకు దిగాలి. ఈ దింపే పని ఇప్పటి కార్లలో ఎలక్ట్రానిక్స్ చూసుకుంటున్నాయి. 1990లలో, 2000 తర్వాతి తొలి ఏళ్లలో వచ్చిన జపాన్ తరహా ఇంజిన్లు చాలావాటిలో మాత్రం ఆ పని ఓ మైనం ముద్దది. ఆ కాలపు హోండా సివిక్, అకార్డ్, టయోటా కరోలా కార్లలో ఈ ఏర్పాటు ఉండేది. అమెరికా వెళ్లిన మనవాళ్లు చాలామంది అక్కడ మొదట కొన్న సెకండ్ హ్యాండ్ కార్లు కూడా ఇవే కాబట్టి, ఈ రేసింగ్ బాధ వాళ్లకీ కొత్త కాదు.

త్రాటిల్ బాడీ కింద చిన్న వాల్వు. అందులో కొవ్వొత్తి మైనం లాంటి పదార్థం. దాని పక్కనుంచే రెండు సన్న గొట్టాల్లో కూలెంట్ పారుతుంది. కూలెంట్ వేడెక్కితే మైనం కరిగి ఉబ్బుతుంది. ఉబ్బి ఓ పుల్లని నెడుతుంది. అదనపు గాలి వచ్చే దారి మూసుకుంటుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. భలే తెలివైన ఏర్పాటు!

ఆ సన్న గొట్టం పూడుకుపోతే? ఇంజిన్ మొత్తం కుతకుతలాడుతున్నా మైనానికి సెగ తగలదు. వాల్వు తెరుచుకునే ఉంటుంది. గాలి వస్తూనే ఉంటుంది. ఇక్కడే కారు కంప్యూటర్ బోల్తా పడుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేదు, ఇంజిన్ వేగమేమో ఎక్కువ... అంటే బండి పల్లంలో దిగుతోందని లెక్కేసి పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడిపోతుంది. అయ్యో ఆగిపోతోందని మళ్లీ పెట్రోలు పోస్తుంది. వేగం పెరుగుతుంది. మళ్లీ ఆపేస్తుంది. సిగ్నల్ దగ్గర పూనకానికి కారణం ఇదే.

బోరు నీళ్లు... చిటికెడు పసుపు

దారి ఎందుకు పూడుతుందో తెలుసుకోవాలంటే ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తే చాలు. తెల్లగా గార కట్టి ఉంటుంది. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి కాల్షియం కార్బొనేట్‌గా మారి పెచ్చులా పేరుకుంటుంది. నీళ్ల కఠినత్వం ఎంత ఎక్కువైతే గార అంత ఎక్కువ. రేడియేటర్‌లో నీళ్లు తగ్గాయనగానే పక్కనున్న పంపు కింద సీసా పట్టి పోసేయడం మనకు అలవాటే కదా! దానికి తోడు, సరైన కూలెంట్ లేకపోతే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. గార, తుప్పు కలిసి ఎర్రటి బురదవుతుంది. పెద్ద గొట్టాల్లో అది కొట్టుకుపోతుంది. సన్నవాటిలో తిష్ఠ వేస్తుంది.

ఇంకో చిట్కా ఉంది. రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు వేయడం. దారిలో చిక్కుకుపోయినప్పుడు ఇల్లు చేరడానికి పనికొస్తే రావచ్చు. కానీ కారే రంధ్రాన్ని మూసిన పసుపుకి, మూయకూడని రంధ్రమేదో తెలియదు. బజారులో దొరికే లీకు పొడులదీ అదే తంతు.

అన్నిటికంటే చిత్రమైంది థర్మోస్టాట్ సంగతి. 'మన ఎండలకి ఇదెందుకు సార్' అంటూ దాన్ని పీకి పక్కన పడేసే మెకానిక్కులు ఎందరో. ఇంజిన్ చల్లగా ఉంటే మంచిదేగా అని యజమానీ తలూపుతాడు. ఇంజిన్‌కి కావాల్సింది చల్లదనం కాదు, సరైన వేడి. థర్మోస్టాట్ సాధారణంగా 80-90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అంతవరకూ నీటిని రేడియేటర్ వైపు పోనివ్వదు. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి ఎంతో సమయం తీసుకుంటుంది. మైనం పూర్తిగా ఉబ్బదు. కంప్యూటర్ ఇంకా తెల్లవారుజామే అనుకుని పెట్రోలు ఎక్కువగా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది. గొట్టం శుభ్రంగా ఉన్నా జబ్బు అదే! డ్యాష్‌బోర్డ్ మీద టెంపరేచర్ ముల్లు ఎంత తిరిగినా మధ్యకు రావడం లేదంటే మొదట అడగాల్సిన ప్రశ్న 'థర్మోస్టాట్ ఉందా?' అనే.

చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది

ఇంజిన్ వేడెక్కాక త్రాటిల్ బాడీకి వెళ్లే రెండు సన్న గొట్టాలను జాగ్రత్తగా తాకి చూడాలి. ఫ్యాను, బెల్టులకు చేయి దూరంగా ఉండాలి. రెండూ వేడిగా ఉంటే దారి తెరిచే ఉన్నట్టు. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే దొంగ దొరికినట్టే. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ తగ్గి ఉండాలి, లేదా గాలి బుడగ అడ్డుపడి ఉండాలి. కాబట్టి గొట్టాలు విప్పేముందు, ఇంజిన్ చల్లారాక కూలెంట్ మట్టం చూడటం మంచిది. నింపి, గాలి తీసేస్తేనే కుదుటపడే కార్లూ ఉన్నాయి. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తీయకూడదు. ఆవిరి మొహాన కొడుతుంది.

పూడిక తీయడమూ బ్రహ్మవిద్యేం కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆ రెండు గొట్టాలూ విప్పి, సన్నటి మెత్తని తీగతో దారి వదులు చేసి, నీళ్లు పోనివ్వాలి. గార గట్టిగా ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లు కాసేపు నింపి ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడగాలి. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే ఇంకా తొందరగా పోతుందనే సలహా వస్తుంది. వినకూడదు. అది గారతోపాటు అల్యూమినియాన్నీ తినేస్తుంది. గట్టిపడిన పాత గొట్టాలు విప్పేటప్పుడు చీలే అవకాశం ఎక్కువ కాబట్టి కొత్తవి, క్లిప్పులు దగ్గరుంచుకోవాలి. కడిగినా మైనం వాల్వు కదలకపోతే అప్పుడే దాన్ని మార్చే ఆలోచన చేయాలి.

తర్వాత కూలెంట్. కొన్నది గాఢంగా ఉండే రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. కలిపి అమ్మేదైతే నేరుగా పోయొచ్చు. కూలెంట్ రుచికి తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకీ, వీధి కుక్కలకీ అందకుండా పెట్టాలి. పారబోసిన పాత కూలెంట్ గుంటలో నిలవకూడదు.

నింపేటప్పుడు కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా పెట్టి, హీటర్ ఉంటే పూర్తి వేడి మీద తిప్పి, చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి ఇంజిన్ ఆన్ చేయాలి. బుడగలు బుడబుడమంటూ బయటికొస్తాయి. మట్టం తగ్గేకొద్దీ పోస్తూ ఉండాలి. బుడగలు ఆగగానే, నీళ్లు మరగకముందే మూత బిగించాలి. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాక, సూది 800 దగ్గర కదలకుండా నిలబడిందా లేదా అన్నది చూడాలి.

ఒకవేళ 500 దగ్గరికి దిగి ఆగిపోతోందంటే కంగారు అక్కర్లేదు. ఇంతకుముందు చూసిన మెకానిక్కులెవరో రేసింగ్ తగ్గించడానికి ఐడ్లింగ్ స్క్రూని బాగా బిగించేసి ఉంటారు. దాన్ని కొద్దికొద్దిగా వెనక్కి తిప్పాలి. సూది మళ్లీ 800 చేరితే ఆ ఆదివారం పని అయినట్టే!