ఒక్క వరుసలో లీపు సంవత్సరం

1900లో ఫిబ్రవరికి 28 రోజులు, 2000లో 29. రెండూ నాలుగుతో శేషం లేకుండా పోయే సంఖ్యలే. మరి తేడా ఎందుకంటే, 1582లో వచ్చిన గ్రెగోరియన్ క్యాలెండర్ నియమం అలాంటిది. నాలుగుతో పోతే లీపు సంవత్సరం. వందతో కూడా పోతే కాదు. నాలుగు వందలతోనూ పోతే మళ్ళీ లీపు సంవత్సరమే. ఇన్ని మెలికలున్న నియమాన్ని సి భాషలో ఒక్క వరుసలో పెట్టేయొచ్చు:

ఏడాది % 4 == 0 && ఏడాది % 100 != 0 || ఏడాది % 400 == 0

ఇలా లెక్క కడితే చివరికి ఒకే విలువగా తేలే రాతను ఎక్స్‌ప్రెషన్ అంటారు. అందులోని గుర్తులు ఆపరేటర్లు. కూడికలు, తీసివేతల గురించి కొత్తవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. తికమకపెట్టేవి కొన్ని ఈ వరుసలోనే ఉన్నాయి.

% చూడగానే శాతం అనుకుంటాం. ఇక్కడ అది భాగహారంలో మిగిలే శేషం. 1900 % 400 విలువ 300. సోమవారం తర్వాత వంద రోజులకి ఏ వారం వస్తుందో కావాలా? 100 % 7 విలువ 2, కాబట్టి బుధవారం.

== అనేది 'సమానమేనా?' అన్న ప్రశ్న. != దానికి వ్యతిరేకం. ఒంటి = మాత్రం ప్రశ్న కాదు, పని: కుడివైపు విలువను ఎడమవైపు పేరులో వేస్తుంది. అందుకే ఏడాది = ఏడాది + 1 అని రాస్తే లెక్కల మాస్టారు కొట్టేస్తారు, ప్రోగ్రామర్లు రోజూ రాస్తారు. షరతులో == బదులు పొరపాటున = పడినా సి చాలాచోట్ల అడ్డు చెప్పదు; విలువ చడీచప్పుడు లేకుండా మారిపోతుంది. ఇప్పటి కంపైలర్లు హెచ్చరిస్తాయి గానీ, వాటిని చదివేదెవరు!

&& అంటే రెండు వైపులా నిజమైతేనే నిజం, || అంటే ఏ ఒక్కటి నిజమైనా చాలు. 1900తో చూద్దాం. నాలుగుతో పోతుంది: నిజం. వందతో పోదు: అబద్ధం. && కలిపితే అబద్ధం. నాలుగు వందలతో పోతుంది: అదీ అబద్ధమే. కాబట్టి లీపు కాదు. (ఎక్సెల్‌లో మాత్రం 1900 ఫిబ్రవరి 29 నేటికీ ఉంది. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్‌తో పొత్తు కుదరాలని ఆ తప్పును అలాగే ఉంచారు.)

బ్రాకెట్లు లేకపోయినా ఇది సరిగ్గా తేలడానికి కారణం ఆపరేటర్ల వరుసక్రమం: ముందు %, తర్వాత ==, !=, ఆపైన &&, చివర్లో ||. బడిలో నేర్చుకున్న బాడ్‌మాస్‌కి ఇది పొడిగింపు. రెండు మార్కుల సగటుకి 80 + 90 / 2 అని రాస్తే 85 రాదు, 125 వస్తుంది. అందుకే క్రమం కంఠతా వచ్చినా బ్రాకెట్లు పెట్టమనే నా సలహా.

పెట్టేచోటును బట్టి పని కూడా తగ్గుతుంది:

ఏడాది % 4 == 0 && (ఏడాది % 100 != 0 || ఏడాది % 400 == 0)

జవాబు మారదు. కానీ && ఎడమవైపు అబద్ధమని తేలితే సి కుడివైపు చూడనే చూడదు. 2023 లాంటి ఏడాదికి ముందటి రాతలో రెండు పరీక్షలు, ఇందులో ఒక్కటే.