పెద్దమ్మ జాబు, పిల్లల పుట

కోయంబత్తూరులోను మధురలోను మన ఇండ్లలో తెలుగు నాలుకపై నిలిచినట్లు కలముపై నిలువలేదు. మధుర నాయకరాజుల కాలమునుండి ఇక్కడున్న కుటుంబాలలో సైతము తెలుగు మాటను తమిళ లిపిలోనే వ్రాసేవారున్నారు. దానివల్ల మా బంధువర్గములో జరిగిన తమాషా ఒకటి చెబుతాము.

పాత ఇంటిమాటలు పెద్దలతోనే పోతున్నవని, ఈ-మెయిలు ద్వారా వాటిని పోగుచేయబూనినాము. మధురనుండి మా పెద్దమ్మ మనుమడిచేత ఒక జాబితా పంపించింది. అందులో 'కూడు' ఉన్నది. తమిళములో క, గలకు అక్షరమొక్కటే. పైగా తమిళములో కూడు అంటే పిట్టగూడు. ఇంకేమి! కోయంబత్తూరు పిల్లలు 'గూడు' అని చదివి, పక్షుల నివాసమని నోటుపుస్తకములో ఎక్కించినారు. "అయ్యో, అది అన్నమురా!" అని పెద్దమ్మ వ్రాసినది నాలుగవ జాబులో. మొదటి జాబు నకలు చేసుకొన్నవారిలో ఎందరు నాలుగవది చదివినారు?

ఉత్తరముతో చిక్కు ఇదే. ఇంటికి నడిచివస్తుంది గాని, వెనుకటి తప్పును వెళ్ళి దిద్దలేదు.

ఆ పని వికీ చేస్తుంది. 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ దీనిని ఆరంభించినాడు. వికీ అంటే హవాయి భాషలో 'త్వరగా' అని అర్థము. పుట ఒక్కటే, దిద్దే చేతులు పెక్కు. పాత పాఠము చెరగక 'చరిత్ర'లో ఉంటుంది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారు మొదలుపెట్టిన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసము వెనుక ఒక చర్చాపుట, అందరికీ కలిపి ఒక 'రచ్చబండ' ఉన్నవి. (ఇదే పేరుతో యాహూలో తెలుగువారి ఉత్తరాల గోష్ఠి ఒకటి నడిచేది, 2020లో యాహూ గ్రూపులన్నీ మూతబడినవి.) మనకు కావలసిన పుటను వీక్షణ జాబితాలో చేర్చి, జాబు పంపుమని కోరితే, అది మారినప్పుడు ఈ-మెయిలు వస్తుంది.

మాకు నచ్చినది ఈ కలయికే. పెద్దమ్మ పుట తెరవదు. జాబయితే మనుమడిచేత చదివించుకొంటుంది. కనుక ఇప్పుడు మా మాటలకొక చిన్న వికీ పెట్టుకొన్నాము. పుట మారితే ఆమెకు జాబు పోతుంది, ఆమె చెప్పిన సవరణను మనుమడు పుటలోనే వేస్తాడు. వాదము జాబులలో, తీర్పు పుటలో.

'కూడు' పుట సరియైనది. దాని చరిత్రలో మాత్రము పిట్టగూడు ఇంకా ఉన్నది. తీసివేద్దామా అంటే, "ఉండనీండిరా, చదివినప్పుడంతా నవ్వు వస్తున్నది" అని పెద్దమ్మ జాబు.