బొంత కుట్టే చేతికి పరపతి

విశాఖపట్నంలో కిరండుల్ బండి ఎక్కి, అరకు లోయ, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్, దంతెవాడ దాటి మీరు బచేలిలో దిగితే మొట్టమొదట మీ కంటబడేది ఎర్రని దుమ్ము. బైలాడిలా కొండలలోని ఇనుప ఖనిజమే ఆ ఊరికి ప్రాణాధారం. కొత్తవలస నుండి కిరండుల్ వరకు గల 446 కిలోమీటర్ల రైలు మార్గం 1960వ దశకంలో ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపానుకు చేర్చడానికే నిర్మితమైనది. కిరండుల్ గని 1968లోను, బచేలి గని 1977లోను ఉత్పత్తి ప్రారంభించాయి. ఖనిజం దిగిన దారినే మనుషులు ఎక్కి వచ్చారు. వారిలో ఉత్తరాంధ్ర నుండి పొట్ట చేత పట్టుకొని వచ్చిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వారితోపాటు వారి బొంతలు కూడా వచ్చాయి.

పాఠకులు చిరునవ్వు నవ్వవచ్చును. పొందిక లేని ప్రతి పనిని మనం "అతుకుల బొంత" అని ఈసడిస్తూ ఉంటాం. ఆ మాట పుట్టించినవారు ఎన్నడూ బొంత కుట్టి ఉండరని నా అనుమానం. కొండ ప్రాంతపు పుష్య మాసపు చలిలో రాత్రంతా ఆ అతుకులే కాపాడతాయి.

ఇటువంటి కాలనీలో బొంత కుట్టే ఇల్లాలి దినచర్య ఎలా ఉంటుందో గమనించండి. భర్త మొదటి షిఫ్టుకు, పిల్లలు బడికి వెళ్లేసరికి ఇంటి పని సగమే అవుతుంది. నీళ్లు, వంట, బట్టలు ముగిసి ఆమె సూది పట్టేది మధ్యాహ్నం భోజనాల తరువాతనే. పొద్దు వాలితే కంటికి దారం ఆనదు. ఆమెకు చేతిలో ఉండే కాలం రెండు, మూడు గంటలు మాత్రమే. ఋణ దరఖాస్తును పరిశీలించే అధికారి మొదట తెలుసుకోవలసినది ఈ రెండు, మూడు గంటల సంగతి.

ముడిసరుకు పాత నూలు చీరలు. వీధిలోకి స్టీలు సామాన్లవాడు వస్తే పాత చీరలన్నీ అతని మూటలోకి పోతాయి. అందువల్ల అతనికంటె ముందే ఆమె ఇరుగుపొరుగు గుమ్మాలు తొక్కుతుంది: "వదినా, పాత చీరలు సామాన్లవాడికి ఇచ్చెయ్యకు, నాకుంచు." వదిన ఊరకే ఇవ్వదు; చీరలు ఇచ్చినందుకు తనకొక చిన్న బొంత కుట్టి పెట్టమంటుంది. ఏ లెక్కల పుస్తకానికీ ఎక్కని ఈ ఇచ్చిపుచ్చుకోవడమే వృత్తికి మూలధనం. నేడు ఆ మూలధనం తరిగిపోతున్నది. పాలియెస్టర్ చీర చిరగదు, చెమట పీల్చదు, సూది కింద జారిపోతుంది. అది ఎంత మన్నికైనదైతే బొంతకు అంత పనికిమాలినది. నూలు చీర కట్టేవారు తగ్గేకొద్దీ ఆమె తానుగుడ్డ కొనవలసి వస్తున్నది. ఆ కొనుగోలుకే మొదటిసారి అప్పు అవసరమవుతున్నది.

చీరలను ఉతికి ఆరబెట్టి, చిరుగులను కత్తిరించి, గట్టిగా ఉన్న భాగాలను పొరలు పొరలుగా నేలమీద పరుస్తారు. బాగా నలిగి మెత్తబడినది లోపలికి, రంగు నిలిచినది పైకి. నాలుగు మూలలా బరువు పెట్టి, ముడతలు అరచేత్తో తీసి, ముందుగా పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేస్తారు. ఈ కచ్చా కుట్టు సరిగా పడకపోతే లోపలి పొరలు ముద్దకట్టి, రెండు ఉతుకులకే బొంత పనికిరాకుండా పోతుంది. తరువాత అంచు నుండి లోపలికి వరుస వెంట వరుసగా సన్నని కుట్టు నడుస్తుంది. చీర అంచులను పారవేయరు. నాలుగు వైపులా చుట్టు పట్టీకి అవే ఆధారం. వానకాలంలో ఉతికిన గుడ్డ ఆరదు కనుక చీరల సేకరణ, ఉతుకు వేసవిలోనే పూర్తి కావాలి.

మరి కొత్త ఆలోచనలు ఎక్కడ నుండి వస్తాయి? బచేలి వసారాలో పది భాషలు వినబడతాయి, పది రకాల చేతిపనులూ కనబడతాయి. ఛత్తీస్‌గఢీలో బొంతను కథ్రీ అంటారు. 1958లో ఆరంభమైన దండకారణ్య పథకం కింద తూర్పు బెంగాల్ శరణార్థులకు కోరాపుట్ ప్రాంతంలోను, నేటి కాంకేర్ జిల్లాలోని పరల్‌కోట్‌లోను పునరావాసం కల్పించారు. బెంగాలీ ఇల్లాలి చేతిలో అదే పాత చీర కాంథాగా మారి, పూలు, చేపలు, పల్లకీలు మోస్తుంది. జయపురానికి దగ్గరలోని కోట్‌పాడ్ నేతగాండ్రు ఆల్ చెట్టు వేరుతో అద్దే ముదురు ఎరుపు, గోధుమ రంగుల అంచులు సంతలో చూసినవారికి మరపునకు రావు. మన ఇల్లాలు కాంథా పూవును కాపీ చేయదు. దాని వంపును మాత్రం తన మూలల్లోకి తెచ్చుకుంటుంది. కోట్‌పాడ్ అంచును చూసి, తన దగ్గరి ఎర్ర చీర పట్టీని ఎక్కడ పెట్టాలో తెలుసుకుంటుంది. వసారాలో నలుగురు కూర్చున్నప్పుడు ఒకరి తప్పు మరొకరు ఎత్తిచూపుతారు, వరుస వంకరపోతే విప్పిస్తారు. ఇంతకంటె మంచి శిక్షణ కేంద్రం నాకు తెలియదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల బొంతను తీసుకోండి. వరుసకూ వరుసకూ మధ్య అర అంగుళం ఎడం ఉంటే 96 వరుసలు పడతాయి. ఒక్కొక్కటి 72 అంగుళాలు. అంగుళానికి నాలుగు కుట్ల చొప్పున మొత్తం 27,648 కుట్లు. ఒక వరుసకు ఇరవై నిమిషాలు అనుకుంటే 32 గంటలు. రోజుకు రెండున్నర గంటల చొప్పున దాదాపు పదమూడు రోజులు. ఆ బొంతను 600 రూపాయలకు అమ్మిందనుకోండి. చీరలు ఉచితమని, దారం ఖర్చు లేదని భావించినా గంటకు 19 రూపాయలు రావు. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ ఊరి కొలతలతో, మీ ఊరి ధరతో మీరే వేసి చూడండి. ఈ లెక్క ఆమె ఎదుట వేయని బ్యాంకు ఆమెకు అప్పు ఇవ్వగలదేమో గాని, ఆ అప్పు తీరే దారి చూపలేదు.

సాధారణంగా "మహిళ, కుట్టుపని" అనగానే కుట్టు మిషనుకు ఋణం మంజూరు చేయడం అలవాటు. బొంత విషయంలో ఇది పొరపాటు. ఐదారు పొరల మెత్తని నూలును ఇంటి మిషను సరిగా లాగలేదు. లాగినా చేతి కుట్టు ఇచ్చే మెత్తదనం రాదు. ఆమెకు కావలసినది నిర్వహణ పెట్టుబడి. వేసవిలో గుడ్డ, దారం కొని, వానకాలమంతా కుట్టి, కార్తీకం నుండి అమ్మకం సాగించే వృత్తి ఇది. జూన్ నుండి నెల నెలా వాయిదా కట్టమంటే, సగం కుట్టిన బొంతను వచ్చిన ధరకు వర్తకునికి ఇచ్చివేయక తప్పదు. వాయిదాలు నవంబరు తరువాత మొదలయ్యేటట్లు నిర్ణయించడం ఆమెకు వడ్డీ తగ్గింపుకంటె ఎక్కువ మేలు.

మార్గాలు లేకపోలేదు. నాబార్డు 1992లో 500 స్వయం సహాయక బృందాలతో ప్రయోగాత్మకంగా ఆరంభించిన బ్యాంకు అనుసంధానం నేడు దేశమంతటా ఉన్నది; ఛత్తీస్‌గఢ్‌లో గ్రామీణ జీవనోపాధుల మిషన్ "బిహాన్" పేరున బృందాలను నడుపుతున్నది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో తొలి విడత లక్ష, మలి విడత రెండు లక్షల రూపాయలు 5 శాతం వడ్డీకి ఇస్తారు. అందులోని 18 వృత్తులలో దర్జీ పేరు ఉన్నది, బొంత కుట్టేవారి పేరు విడిగా లేదు. ఆస్తి, హామీ లేని చేతికి బృందమే హామీ కనుక, వసారాలో కూర్చునే ఆ నలుగురైదుగురితోనే బృందం ఆరంభం కావడం సహజం.

ఇతర చోట్ల ఏమి జరిగిందో కూడా చూడండి. బీహారులోని ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామ స్త్రీలు 1988 నుండి సంఘటితమై, పాత గుడ్డల సుజనీ పనిని నగరాల బజారుకు చేర్చారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పేద నల్లజాతి స్త్రీలు 1966లో బొంతల సహకార సంఘం స్థాపించారు. వారి బొంతలు న్యూయార్కు దుకాణాలకు చేరాయి. అయినప్పటికీ 1972 నుండి ఒక పెద్ద వ్యాపార సంస్థకు దిండు గలీబులు కుట్టే ఒప్పందం వారికి నిలకడైన రాబడి తెచ్చిపెట్టింది. మన బృందాలు కూడా కాలనీ వసతి గృహాలకు, ఆసుపత్రులకు దిండు గలీబులు, చంటిపిల్లల పక్కగుడ్డలు కుట్టి ఇచ్చే అవకాశాన్ని పరిశీలించవచ్చును. ఏడాది పొడుగునా ఆ పని నడిస్తే చలికాలపు బొంతకు తొందరపడి ధర తగ్గించనక్కరలేదు.

క్షేత్రాధికారులకు ఒక సూచన. సరుకు నిల్వను లెక్కించేటప్పుడు ఆమె పెట్టెలో చిన్న బొంత ఒకటి కనబడవచ్చును. అమ్మమ్మ కట్టి విడిచిన చీరతో, పుట్టబోయే మనుమని కోసం కుట్టినది. ధర అడిగితే ఆమె చెప్పదు. దానిని నిల్వలో చేర్చకండి.