పెళ్లి గుర్రం ట్రాలీ ఎక్కితే భయం భయమే!

ధూళిమిట్ట (మన విలేకరి): ముహూర్తాలు మొదలైతే చాలు, మన ఊళ్ల మీదుగా పోయే దారిలో ఒక దృశ్యం తరచూ కంటబడుతున్నది. చిన్న ట్రాలీలో ఒక తెల్ల గుర్రం నిలబడి ఉంటుంది. ట్రాలీ పక్క రేకులు దాని మోకాళ్ల దాకా కూడా రావు. మెడ తాడు కొస క్యాబిన్ వెనుక కడ్డీకి కట్టి ఉంటుంది. గుర్రం కాళ్ల దగ్గరే ఒక పిల్లగాడు కూర్చుని సెల్‌ఫోను చూసుకుంటూ ఉంటాడు. పక్క నుంచి ఆర్టీసీ బస్సు, వెనుక నుంచి ఇసుక లారీ. అందరికీ తొందరే.

పోయిన మాఘంలో చేర్యాల నుంచి బండి మీద వస్తూ ఇలాంటి ట్రాలీ వెనుక పడ్డాను. స్పీడు బ్రేకరు దగ్గర డ్రైవరు గట్టిగా బ్రేకు కొట్టాడు. అదే సమయానికి ఎదురుగా వచ్చిన బస్సు పెద్ద హారను మోగించింది. గుర్రం వెనుక కాళ్లు రేకు మీద జర్రున జారాయి. అది ముందుకు కూలబడింది. దాని బరువంతా ఒక పక్కకు ఒరిగేసరికి ట్రాలీ రోడ్డు మధ్యకు ఊగింది. నా వెనుక మోటారు సైకిలు మీద భార్యాభర్తలు, నడుమ చంటిపిల్ల. వెంట్రుక వాసిలో తప్పింది. డ్రైవరు దిగి చూసి, "ఏం గాలె సారూ, దీనికి అలవాటే" అన్నాడు. గుర్రం మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతున్నది. అదే గుర్రం ఆ రాత్రి బరాతులో నడిచింది. మోకాలికి జరీ గుడ్డ చుట్టారు. చూసినవారు అలంకారమనుకున్నారు.

ఇందులో నా తప్పు కూడా లేకపోలేదు. మా తమ్ముడి పెళ్లికి గుర్రాన్ని మాట్లాడినవాణ్ని నేనే. కిరాయి ఎంత, ఎన్ని గంటలకు వస్తుంది అని అడిగాను గానీ, అది ఏ బండిలో, ఎట్లా వస్తుందని అడగలేదు.

బరువు ఆగదు, బండి ఆగదు

వడ్ల బస్తాలు ఎట్లా వేస్తే అట్లా ఉంటాయి. గుర్రం అట్లా ఉండదు. మూడు నాలుగు క్వింటాళ్ల బరువు నాలుగు సన్న కాళ్ల మీద, ఎత్తులో నిలబడి ఉంటుంది. బండి మలుపు తిరిగితే అది ఒక పక్కకు తూలుతుంది, బ్రేకు పడితే ముందుకు తోసుకువస్తుంది. నిలదొక్కుకోవడానికి గుర్రం తలను, మెడను ఆడిస్తుంది. తాడు మరీ కురచగా కడితే ఆ ఆధారం పోతుంది. మరీ పొడుగ్గా వదిలితే ముందు కాలు తాడు మీద పడి చిక్కుకుంటుంది. ఇక కింద ఇనుప రేకు. అరగంటలో మూత్రంతో తడిసి నున్నగా అవుతుంది. నాడాలు కొట్టిన డెక్కలకు అక్కడ పట్టు ఎక్కడిది?

వేగం సంగతి లెక్క వేసి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోతుంది. 35 మీద అయితే పది మీటర్ల లోపే. బ్రేకు పడిన తర్వాత ఆగే దూరం 35 కంటే 60 మీద దాదాపు మూడింతలు. ఆ దూరమంతా గుర్రం కాళ్లు తన్నిపట్టి నిలబడాలి.

ప్రభుత్వం ఈ విషయంలో కళ్లు మూసుకున్నదని అనలేము. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1978లోనే జంతువుల రవాణా నిబంధనలు చేశారు. గుర్రాలను తీసుకుపోయే మామూలు సరుకుల బండిలో జారకుండా నేల మీద ఏదైనా పరవాలి. పక్కలు తక్కువ ఎత్తు ఉంటే పెంచాలి. గుర్రానికీ గుర్రానికీ నడుమ 8 సెంటీమీటర్లకు తక్కువ కాని మందంతో వెదురు బొంగులు కట్టాలి. పడిపోకుండా వెనుక రెండు గట్టి దుంగలు అడ్డం పెట్టాలి. ఎంత పెద్ద బండి అయినా నాలుగు నుంచి ఆరు గుర్రాలకు మించరాదు. వెంట ఒక మనిషి ఉండాలి. వేగం 35 కిలోమీటర్లు దాటరాదు. ఇంకొక మాట ఉంది, అది చదివినప్పుడు రాసినవాడు గుర్రాన్ని దగ్గరగా చూసినవాడే అనిపించింది: గుర్రాల తలలు ఎడమ పక్కకు ఉండాలి. ఎందుకంటే ఎదురు బండ్లు వచ్చేది కుడి పక్క నుంచి. లైట్లు, హారన్లు ముఖం మీద పడకపోతే బెదురు తగ్గుతుంది.

తర్వాత మోటారు వాహనాల నిబంధనల్లో కూడా పశువుల బండ్లకు కొలతలు పెట్టారు. గుర్రానికి 2.25 చదరపు మీటర్లు, ఆవుకు, బర్రెకు 2 చదరపు మీటర్లు, గొర్రెకు, మేకకు 0.3 చదరపు మీటరు చొప్పున విడి అరలు ఉండాలి. మన లెక్కలో చెప్పాలంటే గుర్రానికి 24 చదరపు అడుగులు. ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న ట్రాలీలో ఒక్క గుర్రం తప్ప రెండోదానికి చోటు లేదు. రెండు గుర్రాలతో పాటు బ్యాండు సామాను కూడా ఎక్కిస్తున్నవారు ఇది తెలుసుకోవాలి.

ఇక శిక్ష సంగతి. 1960 చట్టం ప్రకారం జంతువును బాధపెట్టే రీతిలో తీసుకుపోతే మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. హోటల్లో ఇద్దరు టిఫిను తింటే అంతకంటే ఎక్కువ అవుతుంది.

జబల్‌పూర్ పోయిన గుర్రాలు

ఇది పెళ్లి ట్రాలీలతో ఆగే విషయం కాదు. 2025 ఏప్రిల్ చివర, మే మొదట్లో హైదరాబాదు నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు 57 గుర్రాలను రోడ్డు మీద తరలించారు. ఎండలు మండే రోజులు. చేరిన కొద్ది రోజులకే ఎనిమిది గుర్రాలు చనిపోయాయి. వాటి నెత్తురు నమూనాలను గ్లాండర్స్ అనే అంటురోగం ఉందేమోనని పరీక్షకు పంపారు. విషయం మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా పోయింది. చావులకు కారణం ఏమిటన్నది తేల్చవలసినవారు తేలుస్తారు. కానీ దారి లెక్క మనం కూడా వేయవచ్చు. నాగపూర్ మీదుగా ఏడు వందల కిలోమీటర్లు పైమాటే. నిబంధన చెప్పిన 35 వేగంతో పోతే ఇరవై గంటలకు తక్కువ పట్టదు. నడుమ నీళ్లకు, మేతకు, నీడకు ఆపిన సమయం వేరు. అంత దూరం పోయే గుర్రానికి పశువైద్యుని ధ్రువపత్రం ఊరికే అడగలేదు.

గొర్రెల మాటేమిటి?

మన మండలంలో గుర్రాలు ఉన్నవారు ఎందరని ఎవరైనా అడగవచ్చు. నిజమే, మనది గొర్రెల నాడు. 2017 జూన్ 20న మన జిల్లాలోని కొండపాకలో గొర్రెల పంపిణీ పథకం ప్రారంభించినప్పుడు ఒక్కొక్క గొల్ల, కురుమ కుటుంబానికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. అందుకోసం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి డీసీఎంలలో, లారీలలో జీవాలు వచ్చాయి. ఇప్పుడు అంగడికి పోయే జీవాలు కూడా అదే విధంగా పోతున్నాయి. నాలుగున్నర, అయిదు టన్నుల బండిలో నలభై గొర్రెలకు మించరాదని 1978 నిబంధన. మన చిన్న ట్రాలీలో కొలత ప్రకారం పదింటికి మించి పట్టవు. ఎన్ని ఎక్కిస్తున్నామో కాపరులకు వేరే చెప్పనక్కరలేదు. బ్రేకు పడితే అన్నీ ముందుకు కుప్పబడి అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి. ఆ నష్టం డ్రైవరుది కాదు, కాపరిదే.

అంతకంటే ఘోరం, జీవాల మీదనే మనుషులు కూర్చోవడం. జీవాల నడుమ పట్టుకునేందుకు కడ్డీ కూడా ఉండదు. జనగామ - సిద్దిపేట జాతీయ రహదారి మీద, దుద్దెడ దాటి రాజీవ్ రహదారి మీద ఇటువంటి బండ్లు తెల్లవారుజామున ఎన్నో కనబడతాయి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర బండ్లు వీటికి తోడవుతాయి.

చేయదగినవి పెద్ద ఖర్చువేమీ కావు. రేకు మీద తడి ఇసుక, దాని మీద గడ్డి లేదా గోనె సంచులు పరవాలి. పక్కలకు వెదురు బొంగులు కట్టాలి. తాడుకు ఒక్క గుంజుతో ఊడే ముడి వేయాలి. ఎండ పొద్దున బయలుదేరరాదు. బండి వెనుక ఎర్రగా మెరిసే పట్టీలు అంటించాలి. గుర్రం బండిలో కూలబడితే హైవే మీద వెనుక తలుపు తెరవరాదు. అది రోడ్డు మీదికి దూకితే పట్టడం ఎవరి తరమూ కాదు. బండిని పక్కకు తీసి, నెమ్మదిగా పక్క ఊరి దారిలోకి దించాలి. పశువుకు దెబ్బ తగిలితే 1962, మనిషికి తగిలితే 108, జాతీయ రహదారి మీద సహాయానికి 1033 నంబర్లు ఉన్నాయి.

గుర్రానికి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే పెళ్లివారు ఒక మాట అడగాలి. బండికి పక్కలు కట్టినారా, నేల మీద ఏం పరిచినారు, వెంట వచ్చేది పెద్ద మనిషా పిల్లగాడా అని. నాలుగు ఊళ్లలో నలుగురు అడిగితే బండి యజమాని తానే మార్చుకుంటాడు, కిరాయి పోతుందన్న భయంతోనైనా.

మరొక కోరిక పంచాయతీవారికి. జీవాలను ఎక్కించే తావు ఎక్కడా లేదు. కాళ్లు పట్టి పైకి విసురుతున్నారు, గుర్రాన్నయితే కొట్టి ఎక్కిస్తున్నారు. అంగళ్లు జరిగే చోట ట్రాలీ ఎత్తున ఒక మట్టి గట్టు పోయించి, ముందు రాళ్లు పేర్పిస్తే సరిపోతుంది. ఉపాధి హామీ పనుల్లో పెట్టడానికి వీలున్నదేమో మండల అధికారులు పరిశీలించాలని ఇక్కడి కాపరులు కోరుతున్నారు. అంతదాకా మా ఊరివారు ట్రాలీని చెరువు కట్ట వాలుకు వెనక్కి ఆనించి ఎక్కిస్తున్నారు. ఆ పద్ధతి మిగతా ఊళ్లవారికి కూడా పనికివస్తుంది.