నిమిషానికి వెయ్యి సార్లు లేచే సూది

రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజనుకు బరువైన తోడు ఒకటి ఉండేది: ఎయిర్ కంప్రెసర్. సిలిండర్‌లో అప్పటికే నొక్కుకుపోయి ఉన్న గాలిని ఎదిరించి ఇంధనం లోపలికి వెళ్లాలంటే, అంతకన్నా గట్టి గాలితో దాన్ని ఊదాల్సిందే. ఫ్యాక్టరీలోనో ఓడలోనో ఆ కంప్రెసర్ ఓ మూల పడి ఉంటే ఎవరికీ అడ్డం కాదు. లారీ మీద ఎక్కడ పెడతారు?

గాలి సాయం లేకుండా ఇంధనాన్నే నొక్కి చిమ్మే పద్ధతి కుదిరాకే డీజిల్ రోడ్డెక్కింది. 1924లో జర్మనీలో డీజిల్ లారీలు కనిపించాయి. 1922లో ఇంజెక్షన్ పంపుల మీద పని మొదలుపెట్టిన రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో వాటిని పెద్ద ఎత్తున తయారు చేయడం ప్రారంభించింది. 1951లో మొదలైన మైకో కంపెనీ ఆ సాంకేతికతనే మన దేశానికి తెచ్చింది. పాత టాటా, లేలాండ్ లారీలు విప్పిన మెకానిక్కులకు ఆ పేరు కొత్తగా చెప్పాలా?

పంపు పని ఒత్తిడి పుట్టించడం. సున్నితమైన పని మాత్రం నాజిల్‌ది. లోపల ఒక సూది, దాని మీద గట్టి స్ప్రింగు. డీజిల్ ఒత్తిడి స్ప్రింగును గెలవగానే సూది లేస్తుంది, కొన నుంచి డీజిల్ పొగమంచులా చిమ్ముతుంది, సూది వెంటనే మూసుకుంటుంది. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ప్రతి సిలిండర్‌లోనూ ఇది వెయ్యి సార్లు జరగాలి. ఒక్కో చిమ్ముకు దొరికే సమయం సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు. సూదికీ దాని గూటికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. డీజిల్‌లో కాస్త దుమ్మో నీరో కలిస్తే ఆ సందు పాడవడానికి ఎంతసేపు!

పాత నాజిల్‌ని పరీక్షించే చేతి పంపు చాలా సాదా పరికరం: ఒక మీట, ఒక గేజీ, ఒక పైపు. మీట నొక్కుతూ పోతే గేజీ ముల్లు ఎక్కుతుంది. సూది లేచిన చోట ఆగిపోతుంది. పాత లారీ ఇంజన్లలో చాలావాటికి ఈ ఒత్తిడి 200 బార్ల చుట్టుపక్కల ఉంటుంది, కచ్చితమైన అంకె ఇంజను పుస్తకంలో చూడాలి. స్ప్రింగు అలసిపోతే ఆ అంకె తగ్గుతుంది, ఇంధనం ముందుగా పడుతుంది, ఇంజను కొట్టుకుంటుంది. స్ప్రింగుకు షిమ్ అనే పలచని బిళ్ల వేస్తే సరి. ఇక రెండో పరీక్ష: ఒత్తిడిని తెరుచుకునే అంకెకు 20 బార్లు తక్కువలో పది సెకన్లు నిలిపితే కొన దగ్గర బొట్టు జారకూడదు. జారే నాజిల్ పిస్టన్ తలకు రంధ్రం కూడా పెట్టగలదు.

చిమ్మేటప్పుడు వచ్చే కీచుమనే శబ్దం విని తీర్పు చెప్పే పాతకాపులు ఉన్నారు. ఆ చెవిని గౌరవించాల్సిందే. కానీ కొన్ని రకాలు మంచివైనా పెద్దగా అరవవు, కాబట్టి శబ్దం ఒక్కటే సాక్ష్యం కాదు.

నాజిల్స్‌ని పోల్చడంలో అసలు పొరపాటు ఎక్కువగా జరిగేది మరోచోట. చూపులకు ఒకేలా ఉన్న రెండు నాజిల్స్ వేర్వేరు కావచ్చు. నాజిల్ మీద డీఎల్‌ఎల్‌ఏ అనే అక్షరాల తర్వాత వచ్చే 150 లాంటి అంకె చిమ్ము ఏ కోణంలో విచ్చుకోవాలో చెబుతుంది. ఆ కోణం పిస్టన్ గిన్నెకు కుదరకపోతే కొత్త నాజిల్ పాతదానికన్నా ఎక్కువ నల్లపొగ కక్కుతుంది. పికప్ కోసమని పెద్ద రంధ్రాల నాజిల్ వేయించడం చాలాసార్లు దండగ ఖర్చే. ఆరు సిలిండర్ల బండికి ఆరూ ఒకే ఒత్తిడిలో, ఒకే తీరులో చిమ్మడం ముఖ్యం. అయితే చేతి పంపు ఇంధనం పరిమాణాన్ని కొలవలేదు. ఏ సిలిండర్‌కు ఎంత పడుతోందో తేలాలంటే కాలిబ్రేషన్ బెంచీ మీద గీతలున్న గాజు గొట్టాల్లో చూడాల్సిందే.

ఒక్క జాగ్రత్త. చిమ్ముతున్న నాజిల్ కిందకు చెయ్యి పోనివ్వకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. బయటికి చిన్న గాటులా కనిపించినా, నొప్పి లేకపోయినా, తక్షణం సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ఆలస్యమైతే వేలు కోల్పోయే ప్రమాదం ఉంది.