అరిగినదా? చెడినదా?

నాచారం పారిశ్రామికవాడలో పని ముగించుకొని ఉప్పల్ చేరిన తండ్రికి, పిల్లవాని పాఠముల నడుమ టాబ్లెట్ ఆరిపోవుట చిన్న బాధ గాదు. కొని యేడాదియైనను నిండలేదు. బ్యాటరీ గంటకే అడుగంటుచున్నది.

లోపల జరుగునది రసాయనకార్యము. లిథియం అయానులు ధ్రువముల నడుమ రాకపోకలు సలుపుచుండగా కొన్ని గ్రాఫైటుపై నేర్పడిన పొరలో చిక్కి తిరిగిరావు. నిండుగా ఛార్జిచేసి వేడిమిలో నుంచినచో, వాడకున్నను క్షీణించును. మన వైశాఖపుటెండలు చాలవా!

వారంటీ లోపము నొప్పుకొనును, అరుగుదల నొప్పుకొనదు. తగవంతయు ఆ సరిహద్దుననే. సర్వీసు కేంద్రము "ఇది మామూలు అరుగుదల" యని త్రిప్పిపంపినచో ఆ మాటను కాగితముపై వ్రాయించుకొనవలెను. రశీదుతోపాటు అదియు సాక్ష్యము. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తాము నివసించు జిల్లా కమిషనులోనే, రెండేండ్లలోపల, ఫిర్యాదు చేయవచ్చును. వెల 5 లక్షలు మించనిచో రుసుము లేదు.