మడి ఎవరిదో అడంగల్ చెప్పుద్ది

రండర్రా, ఇట్టా అరుగు మీద కూర్చోండి. ఫోను ఉన్నట్టుండి ఆగిపోయి, తనంతట తనే మళ్లీ మొదలవుద్ది చూశారూ? దానికి కారణాలు చాలా ఉన్నాయిగానీ, అందులో ఒకటి భలే తమాషాగా ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉండేది లైనక్స్ కెర్నెల్. లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ కుర్రాడు కాలేజీలో చదువుకుంటూ 1991లో మొదలుపెట్టాడు దాన్ని. యాప్ తప్పు చేస్తే ఆ యాప్ ఒక్కటే పడుద్ది. కెర్నెల్ తప్పు చేస్తే మొత్తం ఫోనే పడుద్ది.

మన కొల్లిపరలో పొలం కౌలుకిచ్చినట్టే కెర్నెల్ మెమొరీని కౌలుకిస్తుంది. మామూలుగా 4096 బైట్లు ఒక పేజీ. 64 బైట్ల మళ్లుగా కోస్తే సరిగ్గా 64 మళ్లొస్తాయి. కావాల్సిన కోడు ‘కెమాలక్’ అని అడిగి మడి తీసుకుంటుంది, పనయ్యాక ‘కెఫ్రీ’ అని అప్పజెబుతుంది.

ఇక తగాదాలు మీకు తెలియనివా! ఒకడు పక్కోడి గట్టు దున్నేస్తాడు. ఇంకొకడు పనయినా మడి వదలడు. అట్టా ఒక్కొక్కటే పోయి చివరికి ఇవ్వడానికి జాగా ఉండదు. అన్నిటికన్నా చెడ్డోడు, కౌలు తీరిపోయాక కూడా పాత అలవాటు కొద్దీ వచ్చి నాగలి కట్టేవాడు. ఈలోగా కొత్త రైతు, దుగ్గిరాల యార్డుకి తోలుదామని పసుపు వేసుకుని ఉంటాడు. గోల పెట్టేది కొత్త రైతు, దున్నినోడు ఎప్పుడో పోయాడు. అందుకే కెర్నెల్ కూలిన చోట వెతికితే దొంగ దొరకడు.

మరెట్టా పట్టుకుంటారు? తనిఖీ పెట్టినప్పుడు, ఖాళీ అయిన మడి నిండా 6బి అనే గుర్తు చల్లుతారు, ఆఖరి బైటులో మాత్రం ఏ5. మళ్లీ కౌలుకిచ్చే ముందు చూస్తే చల్లింది చెదిరి ఉందా, ఎవడో దిగాడన్నమాట. కూలినప్పుడు తెర మీద 6బి6బి6బి అని బారుగా కనబడిందా, అప్పజెప్పిన మడిలోంచే ఎవరో చదివారని అనుభవమున్నోళ్లు ఇట్టే పోల్చుకుంటారు.

2015లో లైనక్స్ 4.0తో ఇంకా గట్టి ఏర్పాటు వచ్చింది. ఆండ్రే ర్యాబినిన్ తెచ్చిన దీని పేరు కాసాన్. ప్రతి 8 బైట్లకీ ఒక బైటు చొప్పున అడంగల్ రాసిపెడుతుంది. కోడు మడిలో కాలు పెట్టే ప్రతిచోటా ముందు అడంగల్ చూడమని కంపైలర్ చిన్న తనిఖీ చొప్పిస్తుంది. పైగా అప్పజెప్పిన మడిని వెంటనే ఇంకొకరికి ఇవ్వదు, కాసేపు బీడు పెడుతుంది. ఆ సమయంలో పాతోడు దిగాడా, అక్కడికక్కడే దొరికిపోతాడు. అది ఇచ్చే రిపోర్టు చూడాలర్రా! ఇప్పుడు దిగిందెవరు, మొదట కౌలుకి తీసుకున్నదెవరు, అప్పజెప్పిందెవరు, మూడు ముక్కల్లోనూ ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో వరసగా ఉంటుంది.

ఊరికే రాదులే. మెమొరీలో ఎనిమిదో వంతు అడంగల్‌కే పోతుంది, పని కూడా నెమ్మదిస్తుంది. అందుకని దీన్ని ఎక్కువగా పరీక్షలు చేసే యంత్రాల మీదే పెడతారు.

లైనక్స్ కోడు ఎవరైనా దించుకుని చదవొచ్చు, పైసా అక్కర్లేదు. సెలవుల్లో ఓ పాత కంప్యూటర్ మీద కాసాన్ పెట్టి కెర్నెల్ కట్టండి. కావాలనే ఓ తప్పు రాసి, రిపోర్టు వచ్చాక నన్నూ పిలవండి.